చిల్లర ఫైలు

మా వదిన బల్ల రెండు గదుల మధ్య వసారాలో ఉంటుంది. కుడి పక్క గదిలో మా అన్నయ్య, అంటే ఆవిడ మొగుడు. ఎడమ పక్క గదిలో ఆవిడ తమ్ముడు. జుట్టు సగం ఊడిపోయినా అతన్ని అందరూ చిన్నోడనే పిలుస్తారు. కింద టైర్ల కొట్టు, పైన మేము. గుడ్లు పొదిగే యంత్రాలకు కంట్రోలు పెట్టెలు తయారుచేస్తాం. పెట్టెలో నడిచే కోడ్ ఆ ముగ్గురిదీ, అందులో తప్పులు పట్టే పని నాదీ. ఆడపడుచుకి అంతకంటే తగిన ఉద్యోగం ఉండదని వదిన నవ్వుతుంది. నేనూ కాదనను.

గుడ్లకు వేడి సరిగ్గా అందుతోందా అని చూసే కోడ్ అన్నయ్యది. లోపలి పిల్ల పెంకుకు అంటుకుపోకుండా గుడ్ల ట్రేలను అటూ ఇటూ వంచే కోడ్ చిన్నోడిది. గడియారం చూడటం, అంకెల సగటు కట్టడం, కాసేపు ఆగి మళ్ళీ అడగటం లాంటి చిన్నాచితకా పనులు ఇద్దరికీ కావాలి. వాటిని సీ అనే కంప్యూటర్ భాషలో, ఒక్కో పనికి ఒక్కో ఫంక్షన్ చొప్పున, ఒకే ఫైల్లో రాసుకున్నారు. దానికి చిల్లర ఫైలని పేరు పెట్టింది వదినే. ఒకే బల్ల దగ్గర భుజాలు రాసుకుంటూ, జోకులేసుకుంటూ రాశారు దాన్ని.

తర్వాత ఒక కోళ్ల ఫారంలో మా పెట్టెలు రెండూ, వేడిదీ ట్రేలదీ, ఒకేసారి మొండికేశాయి. వేడి ఆగింది, ట్రేలు ఆగాయి, గుడ్లన్నీ పాడయ్యాయి. నీ వల్లంటే నీ వల్లని ఇద్దరూ అరుచుకున్నారు. ఆ పూట నుంచే ఎడమొహం పెడమొహం. బల్ల గదిలోంచి వసారాలోకి వచ్చింది, చిన్నోడు పక్క గదిలోకి పోయాడు, ఎవరి కుంపటి వారిదయింది. పోతూ పోతూ చిల్లర ఫైలును కూడా చెరో కాపీ పట్టుకుపోయి, ఎవరి కోడ్ కట్టలో, అదే లైబ్రరీలో, వాళ్ళు పెట్టుకున్నారు. పెట్టెలు వేరువేరుగా అమ్ముడవుతున్నాయి కనుక ఎవరికీ ఇబ్బంది లేకపోయింది.

ఇబ్బందంతా వదినకే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. "ఆ సెన్సరు ఏ తీగకి కలిపాడో అడుగు" అని ఇటు నుంచి అన్నయ్య, "తెలుసుకుని ఏం చేస్తాడో అడుగు" అని అటు నుంచి చిన్నోడు. ఇద్దరి మాటా ఇద్దరికీ వినపడుతూనే ఉంటుంది. నేనైతే ఇద్దరి నెత్తినా చెరో కీబోర్డు వేసి పగలగొట్టేదాన్ని. వదిన మాత్రం కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని, "సెన్సరు మూడో తీగకే ఉంది, నేను చూశాలెండి" అని తన పనిలో పడేది. ఆవిడ కోడ్ రాసేటప్పుడు సన్నగా కూనిరాగం తీస్తుంది. రాగమని మర్యాదకి అంటున్నాను.

అలా ఉండగా ఒక కోళ్ల ఫారం ఆసామి, వేడీ ట్రేలూ ఒకే పెట్టెలో కావాలన్నాడు. ఆ వారమే చిన్నోడు వసారాలోకి వచ్చి, వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చిందని చెప్పాడు.

"ఈ పెట్టె కుదిరితే ఉంటానక్కా. లేకపోతే వచ్చే నెల వెళ్ళిపోతా. గోడతో మాట్లాడుతూ ఎన్నాళ్ళుండను?"

వదినకి తోడబుట్టినవాడు అతనొక్కడే. ఆవేళ మధ్యాహ్నం ఆవిడ అన్నం కెలికి వదిలేసింది. "వాడు వెళ్ళిపోతే నాకేమీ తోచదే" అంది నాతో.

పెట్టె కుదరడానికి ముందు రెండు లైబ్రరీలూ ఒక్కటవ్వాలి. విడివిడిగా రాసిన ముక్కల్ని ఒక ప్రోగ్రాంగా అతికే పని లింకర్‌ది. వదిన అతకమంది. తెరనిండా ఎర్రర్లు. ఈ పేరుతో ఇక్కడొక ఫంక్షన్ ఉంది, అక్కడొకటి ఉంది, దేన్ని తీసుకోను అని దాని గోల. చిల్లర ఫైల్లో ఉన్న ప్రతి పేరుకీ అదే తంతు.

"వాడి కాపీ తీసెయ్" అన్నాడు అన్నయ్య గదిలోంచి.

"బావది తీసెయ్యక్కా" అన్నాడు చిన్నోడు.

నాకు చిర్రెత్తింది. "ముందు కనపడ్డదాన్ని తీసుకో, రెండోదాన్ని వదిలెయ్ అని లింకర్‌కి చెప్పొచ్చు కదా వదినా? వీళ్ళ గొడవ మనకెందుకు?"

"చెప్పొచ్చు. నోరు మూసుకుంటుంది. కానీ పేరొకటే అయినా లోపల పని మారిపోయింది చూడు. మీ అన్నయ్య సగటులో అన్ని అంకెలూ కలుపుతారు. వీడు మరీ పెద్దదీ మరీ చిన్నదీ పారేసి కడతాడు. ఒకరిది ఇంకొకరికి అంటగడితే గుడ్లు ఉడికి ఊరుకుంటాయి."

ఇక పనిలోకి దిగింది. కొత్తగా మూడో లైబ్రరీ ఒకటి తెరిచింది. రెండు కాపీలనూ పక్కపక్కన పెట్టి, ఒక్కో ఫంక్షనే చదువుతూ వచ్చింది. అచ్చంగా ఒకేలా ఉన్నవాటిని ఒక్కటే ఉంచి, అందులోకి చేర్చింది. పని మారినవాటికి, చేసే పనిని బట్టి చెరో పేరు పెట్టింది. ఒక్కరికే కావలసినవాటిని వాళ్ళ ఫైల్లోనే దాచి, బయటికి కనపడకుండా చేసింది. తొందర లేదు, విసుగు లేదు. పక్కన కూర్చున్న నాకే నిద్ర ముంచుకొచ్చింది.

ఉన్నట్టుండి కూనిరాగం ఆగింది.

"ఇటు చూడవే."

కాసేపు ఆగే ఫంక్షన్ అది. మొదట ఇద్దరూ కలిసి రాసినప్పుడు అందులో ఒక తప్పుంది. యంత్రం లోపలి గడియారం అంకె నిండిపోయి సున్నాకి తిరిగొస్తే, ఆగమన్న కోడ్ ఇక ఎప్పటికీ ఆగే ఉంటుంది. ఆ రోజు రెండు పెట్టెలూ ఆగిపోయింది అందుకే. అన్నయ్య కాపీలో ఆ తప్పు దిద్ది ఉంది. చిన్నోడి కాపీలోనూ దిద్ది ఉంది. అదే చోట, అదే వరస, అక్షరం తేడా లేదు. తిలా పాపం తలా పిడికెడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ నోరు విప్పలేదు.

నేను అరవడానికి నోరు తెరిచాను. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏమండీ, ఇలా రండి. ఒరేయ్, నువ్వూ రా" అని పిలిచి, కుర్చీ పక్కకి జరుపుకుంది.

ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. చదివారు. కింద కొట్టులో టైరులోకి గాలి కొడుతున్నారు.

"ఇదెప్పుడు దిద్దావు బావా?" అన్నాడు చిన్నోడు. గోడతో కాదు, మనిషితోనే.

"ఆ మర్నాడు. నువ్వో?"

"ఆ సాయంత్రమే."

"మరి చెప్పలేదేంరా?"

"నువ్వు చెప్పావా?"

అన్నయ్య గడ్డం గోక్కున్నాడు. చిన్నోడు నేల చూపులు చూశాడు. "రెండూ ఒకటేగా, ఒకటి తీసెయ్యాలి. ఎవరిది తీసెయ్యమంటారు?" అంది వదిన.

"నాది తీసెయ్" అన్నాడు అన్నయ్య.

"వద్దక్కా, నాది తీసెయ్. బావది ఉంచు."

"ముందు దిద్దింది నువ్వేగా, నీదే ఉండాలి."

"నీ వరసే బాగుంది బావా."

"రెండూ ఒక్కటే వరస కదరా!"

"అయినా సరే, నీదే ఉంచాలి."

మళ్ళీ గొంతులు లేచాయి. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకాలు, ఈ విషయంలో మాత్రం వెనక్కి తగ్గుతారా? నాకు నవ్వాగలేదు. అంతలో అన్నయ్య గొంతు ఉన్నట్టుండి తగ్గిపోయింది.

"ఎవరిది ఉంచినా నాకు ఫర్వాలేదురా. నువ్వు మాత్రం వెళ్ళకు."

చిన్నోడు గదిలోకి వెళ్ళి తన కుర్చీ ఈడ్చుకొచ్చాడు. బల్లకి ఆ పక్కన వేసుకుని కూర్చుని, అన్నయ్యకి చోటిస్తూ కొంచెం జరిగాడు.

"ఇంకా ఏమేం ఎర్రర్లు మిగిలాయక్కా?" అన్నాడు.

వదిన కళ్ళనిండా నీళ్ళు, ఆవిడకి తెర కనపడటం లేదు. అందుకని తర్వాతి ఎర్రర్ నేనే చదివి వినిపించాను.