ముట్టినట్టు రాసిన కాగితం

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే మధ్యలో నవ్వి చెడగొట్టేది నేనే. మా నాన్న వరంగల్‌లో పవర్‌లూమ్ నడుపుతాడు. మగ్గం ఆగితే పోగు తెగిందేమో, కరెంటు పోయిందేమో అని చూస్తాం కానీ, ఎవరో ఆపారని మా ఇంట్లో ఎవరూ అనుకోరు. పైగా నేను చదివింది కెమిస్ట్రీ. ఇది చదివి మీరు నవ్వినా నాకు కోపం రాదు.

అప్పుడు ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో ఉన్నాను. ప్రాక్టికల్స్ చూసే సారు ఒకరోజు రికార్డు తెమ్మని స్టోర్ రూమ్‌లోకి పిలిచి నా నడుం మీద చెయ్యి వేశాడు. ఇంటర్నల్ మార్కులు తన చేతిలోనే ఉన్నాయని కూడా గుర్తు చేశాడు. ఒళ్లు మండిపోయింది. కానీ కోపం కన్నా ముందు భయమే వచ్చింది, అబద్ధమెందుకు. నాన్నకు తెలిస్తే చదువు మాన్పిస్తాడని రెండు నెలలకు పైగా నోరు మూసుకుని తిరిగాను.

చివరికి నా రూమ్మేట్ స్వరూప నన్ను కౌన్సెలింగ్ మేడమ్ దగ్గరికి లాక్కెళ్లింది. ఆవిడ మధ్యలో ఆపకుండా అంతా విన్నది. అంతర్గత ఫిర్యాదుల కమిటీకి కాగితం మీద రాసి ఇవ్వాలని, జరిగిన రోజు నుంచి మూడు నెలల్లోపు ఇవ్వాలని చెప్పింది. తేదీ, చోటు, చుట్టుపక్కల ఎవరున్నారో అన్నీ రాయమంది. చూసుకుంటే నాకు మిగిలింది నాలుగు రోజులు.

మర్నాడు స్వరూపకు పరీక్ష ఉండటంతో ఒక్కదాన్నే వెళ్లాను. వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇవ్వాలి. పదిమంది ఉన్నప్పుడు ఇస్తే పదిమందీ చదువుతారని కావాలనే లంచ్ టైమ్‌లో వెళ్లాను. వరండా ఖాళీగా ఉంది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి, చివరిది మాత్రం సగం తెరిచి ఉంది. బయటి ఎండలోంచి చూస్తే లోపల అంతా చీకటి. జాలీ వెనక ఒక ఆడమనిషి చెయ్యి, లేత నీలం చున్నీ అంచు, అంతే కనిపించాయి.

"ఒక్కటే తెచ్చినవా చెల్లె? రెండోది ఏది?" అంది.

నాకు అర్థం కాలేదు.

"జిరాక్స్ తీస్కరా పో. ముట్టినట్టు రాయించుకోకుంటే ఇయ్యనట్టే."

పరుగున వెళ్లి తీయించుకొచ్చాను. ఒకటి లోపలికి తీసుకుని, రెండోదాని మీద సిరా పెన్నుతో 'ముట్టింది' అని రాసి, కింద నంబరు, తేదీ వేసి ఇచ్చింది. పెళ్లికార్డు అందినా, పార్సెల్ అందినా మావాళ్లు అనే మాటే అది. అందుకే ఆఫీసు ముద్ర లేదన్న సంగతే నాకు తట్టలేదు. తడి సిరా బొటనవేలికి అంటుకుంది.

"థ్యాంక్స్ అక్కా" అన్నాను.

"నేను రాయించుకోలే" అంది. కిటికీ మూసుకుంది.

పది రోజులైనా పిలుపు రాలేదు. వెళ్లి అడిగితే ఆ సెక్షన్ సూపరింటెండెంట్ రిజిస్టర్ తెరవకుండానే అలాంటి కాగితమే రాలేదన్నాడు. గడువు కూడా దాటిపోయిందన్నాడు. నా కాపీ చూపిస్తే నవ్వాడు. "మా దగ్గర ఇట్ల ఎవ్వరు రాయరమ్మా. రిసీవ్డ్ అని ముద్ర కొడ్తం. నువ్వే రాసుకున్నవేమో." ఆ కాగితం చెల్లకపోతే వచ్చే ప్రాక్టికల్స్‌కు నేను మళ్లీ ఆ సారు ముందే నిలబడాలి.

స్వరూప ఊరుకోలేదు. ఇద్దరం నేరుగా కమిటీ చైర్‌పర్సన్ మేడమ్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ వెంటనే ఇన్‌వర్డ్ రిజిస్టర్ తెప్పించింది.

పేజీ నిండా బాల్‌పెన్ను ఇంగ్లిషు. మధ్యలో ఒక్క వరస మాత్రం సిరాతో తెలుగులో ఉంది. నా పేరు, నా కాపీ మీది నంబరే, పక్కన 'ముట్టింది'. ఆ పేజీలోనే మడత పెట్టి నా ఫిర్యాదు ఉంది. సెక్షన్‌లో నంబరు వేసేది ఒక్క మగ క్లర్కే. నేను కాగితం ఇచ్చిన రోజుతో కలిపి మూడు రోజులు అతను సెలవు. రిజిస్టర్ ఉన్న బీరువా తాళంచెవి అతనితోనే వాళ్ల ఊరు స్టేషన్ ఘన్‌పూర్ వెళ్లింది. ఆ చివరి కిటికీ మేకులు కొట్టి ఏళ్లయిందట. వెళ్లి చూశాను. మేకులు తుప్పు పట్టి ఉన్నాయి.

నా వరస కింద అదే సిరాతో ఇంకో నంబరు వేసి 'ముట్టింది' అని ఉంది. పేరు గడి ఖాళీ. అది చూసినప్పుడు వచ్చిన వణుకు స్టోర్ రూమ్‌లో కూడా రాలేదు.

మేడమ్ ఫిర్యాదు గడువులోనే అందినట్టు రాసుకుంది. నా ప్రాక్టికల్స్ వేరే టీచరుకు మార్చారు. విచారణలో బయటి నుంచి వచ్చిన సభ్యురాలు కూడా కూర్చుంది. స్వరూప తలుపు బయటే ఉంది. తర్వాత ఆ సారు మా డిపార్ట్‌మెంట్‌లో కనిపించలేదు. సిరా ఎవరిదో మాత్రం ఎవరూ తేల్చలేదు.

నెల తిరక్కుండా ఒక మధ్యాహ్నం ఫస్టియర్ అమ్మాయి మా గది తలుపు కొట్టింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి. ఆ సారు సంగతే. ఆయన ఇంకా ఇక్కడ పాఠం చెప్పిన రోజుల నాటిది, మూడు నెలలు దాటలేదు. చేతిలో ఒక కాగితం.

"ఒక్కటే తెచ్చినవా చెల్లె? రెండోది ఏది?" అన్నాను.

అన్నాక గానీ ఆ మాటలు ఎవరివో నాకు గుర్తు రాలేదు. స్వరూప నావైపు అదోలా చూసింది.

"మీరు రాయించుకున్నరా అక్కా?" అడిగింది ఆ అమ్మాయి.

రాయించుకున్నానని చెప్పాను. జిరాక్స్ తీయించి, ముద్ర వేయించేదాకా పక్కనే నిలబడ్డాను.

రాయించుకోనిది ఎవరో, ఆమె కాగితం ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.