అడగకుండా కొట్టిన మందు

నా మిరప చేనుకీ, నాతో కలిసి బడికెళ్ళిన నా స్నేహితుడి చేనుకీ మధ్య ఒకటే గట్టు. ఆ గట్టు మీద కూర్చుని మేం తిట్టుకోని రోజు లేదు. నాలుగేళ్ళ కిందట నేను పురుగుమందులు మానేసి, వేపాకు కషాయం కాచి కొట్టడం మొదలుపెట్టాను. వాడు వారానికోసారి మందు కొట్టాల్సిందే. నాది పిచ్చి అంటాడు, వాడిది విషం అంటాను. అయినా మధ్యాహ్నం క్యారేజీలు ఒకే చోట విప్పుకునేవాళ్ళం.

నిరుడు పూతలో తామర పురుగు దూరింది. కంటికి సరిగ్గా ఆనదు గానీ పూతంతా రాల్చేస్తుంది. నా కషాయానికి లొంగలేదు. అప్పుడు మొదటిసారి వాడి గొంతు మారింది.

"ఒరేయ్, నీ పట్టుదల నీ చేలో ఉంటే నాకేంరా? నీ పురుగు గట్టు దాటి నా చేలోకి వస్తోంది."

వాడన్నది నిజమే. నిజం చెప్పినప్పుడే నాకు కోపం ఎక్కువ. "మందు పట్టుకుని నా చేలోకి దిగావంటే నీకూ నాకూ చెల్లు" అన్నాను.

ఆ వారమే కనిగిరిలో మేనకోడలి పెళ్ళికి వెళ్ళి మూడో రోజు తిరిగొచ్చాను. చేలో అడుగు పెట్టగానే మందు వాసన. వాడే కొట్టాడని ఎవరూ చెప్పక్కర్లేదు. పండుమిరప కోతల దాకా వాడితో మాట్లాడలేదు.

ఒళ్ళు మండిపోయేది నిజమే. కానీ కొత్త పూత నిలిచింది. పొద్దున్నే పిందెలు చూసి సంతోషపడేదీ నేనే, ఆ సంతోషానికి సిగ్గుపడేదీ నేనే. వాడు నా పంట కాపాడాడా, తన పంట కోసం నా మాట తీసి గట్టున పెట్టాడా? ఆలోచించిన కొద్దీ తల తిరిగేది. చివరికి నేనే వెళ్ళి అడిగాను.

"నాకోసం కొట్టావా, నీకోసం కొట్టావా?"

వాడు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఏమోరా. పంపు భుజానేసుకున్నాక అదంతా ఎవడు ఆలోచిస్తాడు?"

"ఒక్క మాట అడగొచ్చుగా."

"అడిగితే వద్దంటావుగా."

అని నన్ను నా చేను చివరికి తీసుకెళ్ళాడు. అక్కడ నాలుగు సాళ్ళు ముడతపడి గిడసబారి ఉన్నాయి. మందు చాలక వదిలేశాడని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను.

"వీటికి కొట్టలా. ఇవి మనిళ్ళల్లోకి, పచ్చడికి" అన్నాడు.

నవ్వాలో, ఇంకో నాలుగు తిట్టాలో తెలియలేదు. నాది పిచ్చే అయితే ఈ సాళ్ళు ఎందుకు వదిలినట్టు? కాకపోతే మిగతా చేనంతా ఎందుకు కొట్టినట్టు? అదే అడిగితే, "నోరు మూసుకుని కొయ్యరా" అన్నాడు. ఇద్దరం చెరో పక్కనుంచీ కోసుకొచ్చాం. అంతా కలిపినా ఒక ఇంటికే సరిపోయేలా ఉన్నాయి.

వాడు ఆ సంచి నా చేతిలో పెట్టాడు. గట్టు దాటి వెళ్ళి, వాళ్ళింటి పచ్చడికి తన చేలో కాయలు కోసుకోవడం మొదలుపెట్టాడు.