ఊరికి ఒకటే వంక

మా ఊరికీ ఎమ్మిగనూరుకీ మధ్య ఒక వంక ఉంది. మా పక్క వాగును వంక అంటాం. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో పారేది మేకల మందలే. పైన ఆదోని దిక్కు గట్టి వాన పడితే మాత్రం, మా ఊళ్లో చినుకు లేకున్నా, ఎర్రనీళ్లు ఉరికివచ్చి సిమెంటు దారిని ముంచేస్తాయి. మా పిల్లలు ఎమ్మిగనూరు బడికి ఆటోలో పోవాల్సింది ఆ దారినే. అందుకే ఇక్కడి తల్లులు వానాకాలం పొద్దున్నే లేచి, పొయ్యి కంటే ముందు వంకను చూసుకుంటారు.

నా కూతురు ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడు, కోస్తా నుంచి ఒక కొత్త సారు వచ్చాడు. పిల్ల రాకపోతే ఇంటికి ఫోన్ చేసి అడిగే మనిషి. మంచిదే కదా అనుకున్నాను, ఆ ఫోన్ నాకు వచ్చేదాకా.

"పాప ఎందుకు రాలేదమ్మా?"

"వంక వచ్చింది సార్."

"పోయిన వారం కూడా అదే చెప్పారు. ప్రతిసారీ ఏదో ఒక వంకేనా?"

"ఏదో ఒగటి కాదు సార్, మా ఊరికి ఉండేది ఒగటే వంక."

నేను ఉన్న మాటే చెప్పాను. ఎగతాళి చేశాననుకున్నాడేమో, ఫోన్ పెట్టేశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వంక లేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందని సామెత. ఎదురుగా ఇంత వంక పారుతుంటే నాకు డొంక పట్టుకునే గతేమిటి? మరునాడు ఆయన క్లాసులో, వంకలు చెప్పి బడి మానేవాళ్లు పైకి రారని అన్నాడట. పిల్ల సాయంత్రం అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత పరీక్షలు వచ్చాయి. మొదటి రోజే ముసురు. మా మగ్గం గుంటలో నీళ్లు ఊరితే మా ఆయన చెంబుతో తోడుతున్నాడు. నేను వంక దాకా పోయి చూసి వచ్చాను, ఇసుక తడిసిందంతే. అయినా మనసు ఒప్పక, "ఈ దినం వద్దులే పాపా" అన్నాను.

"పోతానమ్మా. లేకుంటే సారు మళ్లా వంక అంటాడు" అని బ్యాగు తగిలించుకుని ఆటో ఎక్కేసింది. ఊళ్లో పిల్లలంతా ఆ ఆటోలోనే ఉన్నారు.

ఆటో మా వీధి మలుపు తిరిగిన కొంతసేపటికి ఆదోని నుంచి మా అమ్మ ఫోన్ చేసింది. "మే, ఈడ తెల్లవారుజాము నుంచి దంచి కొడతాంది. పిల్లను పంపొద్దు."

"పంపేసినానమ్మా" అని ఫోన్ పెట్టేశాను. చెప్పుల్లేకుండా ఉరికాను. నా వెనక మా ఆయన, ఆయన వెనక ఊరు.

మేం పోయేసరికి సిమెంటు దారి కనబడటం లేదు. కంపచెట్లు వేర్లతో సహా కొట్టుకుపోతున్నాయి. ఈ గట్టున ఆటో లేదు. ఆ గట్టు తర్వాత రోడ్డు మలుపు తిరుగుతుంది, అక్కడేముందో కనబడదు. దాటేశారా, మధ్యలో ఉండగా నీళ్లు వచ్చాయా? ఆటో అన్నకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా మోగుతోంది కానీ ఎత్తడం లేదు. మా ఆయన వంకలోకి దిగబోతే పక్కవాళ్లు రెక్క పట్టి లాగారు.

ఇక మిగిలింది సారే. ఫోన్ ఎత్తగానే అరిచాను. "వంక వచ్చింది సార్! పిల్లోళ్లు బడికి వచ్చినారా?"

"ఇంకా రాలేదమ్మా. ఏంటా చప్పుడు?"

"వంక సార్! మా వంక!"

"వస్తున్నా" అన్నాడు. అవతల మోటార్ సైకిల్ స్టార్టయిన చప్పుడు విన్నాను.

తర్వాత ఎంతసేపు అక్కడ నిలబడ్డానో తెలియదు. మొక్కని దేవుడు లేడు. చివరికి ఫోన్ మోగింది. సారు గొంతు వస్తుందనుకుంటే, నా కూతురి గొంతు వచ్చింది.

"అమ్మా, ఉగ్గాని తింటాండాం."

వంక దాటాక ఆటో ఆగిపోయిందట. ఆటో అన్న ఫోన్ తడవకుండా సీటు కింద పెట్టి, ఇంజను దగ్గర కూర్చున్నాడట. పిల్లలు మలుపు దగ్గరి హోటల్లో చేరి ఉగ్గాని బజ్జీల మీద పడ్డారు. నేను ఆ బురదలోనే కూలబడి ఏడ్చాను, నవ్వాను. పోయిన ప్రాణం లేచివచ్చింది. "కారం ఎక్కువ తినొద్దు" అన్నానట.

కాసేపటికి ఆ గట్టున దూరంగా పిల్లలు వరసగా నిలబడి చేతులూపారు. ఈ గట్టున ఎవరి బిడ్డను వాళ్లు వెతుక్కుని కళ్లు తుడుచుకున్నారు. పిల్లల ముందు చేతులు అడ్డం చాపి నిలబడ్డ సారు నీళ్లవైపే చూస్తున్నాడు. నా ఫోన్ మళ్లీ మోగింది.

"ఇదా అమ్మా వంకంటే? దీన్ని మేం వాగంటామమ్మా. మీరు సాకులు చెబుతున్నారనుకున్నాను" అన్నాడు. ఆయన మీద అన్నాళ్లు మోసిన కోపం ఎటు పోయిందో, వెతికినా దొరకలేదు.

"పరీక్ష రాయించండి సార్. వంక తగ్గినంక పంపుదురు" అన్నాను.

ఇప్పుడు మబ్బు పడితే నాకంటే ముందు ఆయనే ఫోన్ చేస్తాడు. "అమ్మా, మీ వంక ఎలా ఉంది?" పారుతోందంటే, "పంపకండి, పాఠం నేను మళ్లీ చెబుతాను" అంటాడు.

మొన్న ఎండ ఫెళ్లున కాస్తుంటే, నా కూతురు దుప్పట్లోంచి తల బయటపెట్టింది. "అమ్మా, సారుకు ఫోన్ సేసి వంక వచ్చిందని సెప్పు."

"లెయ్యి మే. అది మన వంక కాదు, సారోళ్ల వంక" అని దుప్పటి లాగేశాను.