మొలక చూసిన కార్డు

ఆ రోజుల్లో కెమెరా కొన్నంత మాత్రాన ఫోటో వచ్చేది కాదు. దాని అడుగున చిన్న అర ఒకటి ఉండేది. అందులో బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్ద మెమరీ కార్డు పెట్టాలి. అది లేకపోతే మనిషి తెర మీద కనిపిస్తాడు గానీ నిలవడు. ఈ సంగతి నాకు కెమెరా కొన్నాక తెలిసింది. అప్పటికి గుంటూరులో ఒక కాలేజీ లైబ్రరీలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. తోటి ఉద్యోగి ఒకాయన తన పాత కెమెరా నాకు అమ్మి, కార్డు మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు (అందులో వాళ్ళ పిల్లల ఫోటోలున్నాయట, ఇవ్వమని నేను అడగలేకపోయాను). మామూలుగా అయితే ఒక నెల ఆగి కొనేదాన్ని. కానీ వచ్చే సోమవారం నుంచి అమ్మకి ఆసుపత్రిలో మందు ఎక్కించాలి. జుట్టు రాలిపోతుందని డాక్టరు ముందే చెప్పారు.

అమ్మ జడ నడుము దాటేది. జబ్బు సంగతి విని గేదెకి కుడితి పెట్టడానికి లేచిన మనిషి, జుట్టు సంగతి విని జడ ముందుకి లాక్కుని చూసుకుంది. "జడతో ఒక్క ఫోటో తియ్యవే. తర్వాత గుండయితే అయింది, తిరపతి పోయొచ్చానని చెప్తాలే" అంది. స్టూడియోకి రమ్మంటే రానంది. అక్కడ గడ్డం పట్టుకుని ముఖం తిప్పుతారని ఆమె అభ్యంతరం. గంధం రంగు పట్టుచీర బీరువాలోంచి తీసి మంచం మీద పెట్టుకుంది.

కార్డు కొనడానికి నాన్న మార్టూరు దగ్గర మా ఊరి నుంచి బస్సెక్కి గుంటూరు వచ్చాడు. నేనొక్కదాన్నే కొంటానంటే ఒప్పుకోలేదు. కొన్నేళ్ళ కిందట ఆయన నకిలీ మిరప విత్తనం వేసి మునిగాడు. మొక్కలు నడుమెత్తు పెరిగాయి, చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు, కాయ మాత్రం పట్టలేదు. ఒక మొక్క పీక్కుని వ్యవసాయ ఆఫీసుకి వెళితే విత్తనం ప్యాకెట్టేది, బిల్లేది అన్నారు. నాన్న రెండూ పారేశాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ ప్యాకెట్టునూ పారేయడానికి లేదు, సబ్బు కాగితాలతో సహా (అమ్మ వాటిని నాన్న చూడకుండా పొయ్యిలో వేసేది).

గుంటూరులో కార్డులమ్మే షాపాయన్ని అందరూ భాయ్ అనేవారు. రెండు కార్డులు బల్ల మీద పెట్టాడు. "ఈ పెద్దది తీసుకోండి బాబాయ్ గారూ. రేటు తక్కువ, వేల ఫోటోలు పడతాయి."

"ఎకరానికి ఇంత కాస్తదని ఆ విత్తనాలోడూ ఇట్టాగే చెప్పాడు" అని నాన్న దాన్ని పక్కకి నెట్టి, పేరున్న కంపెనీ చిన్న కార్డు తీసుకున్నాడు. వెలుగుకి పెట్టి చూశాడు. చెవి దగ్గర ఊపాడు. ముక్కు దగ్గరికి తీసుకెళ్ళేసరికి నేను గోడ మీద క్యాలెండరు చూడటం మొదలుపెట్టాను.

"లాట్ నంబరేది?"

భాయ్ ప్యాకెట్టు వెనక చూపించాడు.

"గడువు?"

"దీనికి గడువుండదండి."

"గడువు లేకుండా ఎట్టా ఉంటది?" నాన్న నా వైపు తిరిగాడు. "మొలకశాతం కూడా వెయ్యలేదమ్మాయ్."

"నాన్నా, అది గింజ కాదు."

"ప్యాకెట్టులో వచ్చేదే గదా."

భాయ్ నవ్వలేదు. "మా బావకీ ఇట్టాగే అయిందండి, పత్తిలో" అని, బిల్లు మీద లాట్ నంబరు రాసి, ముద్ర కొట్టి ఇచ్చాడు.

నేను సెలవు పెట్టి నాన్నతో ఊరు వచ్చాను. ఇల్లు చేరగానే అమ్మ చీర కట్టుకోబోయింది. నాన్న ఆపాడు. "మొలక చూడకుండా చేలో వేస్తామా?" విత్తనమైతే కొన్ని గింజలు తడి గోనెలో చుట్టి, ఆగి, ఎన్ని మొలిచాయో చూస్తాం. కార్డుకీ అదే పద్ధతి అన్నాడు. పది ఫోటోలు తీసి రెండు రోజులు ముట్టుకోకూడదు. మూడో రోజు తెరిస్తే పదీ ఉండాలి. అప్పుడు అమ్మని తియ్యాలి.

"నా జడకి వాయిదా ఏందయ్యా" అంది అమ్మ.

"తీసింది చెరిగిపోయిందనుకో. ఆ జడ మళ్ళీ ఏడ నుంచి తెస్తాం?"

అమ్మ చీర మడిచి మళ్ళీ మంచం మీద పెట్టింది. సోమవారానికి ఇంకా నాలుగు రోజులుంది.

పరీక్షకి గేదె దొరికింది. గేదె కొమ్ములు, గేదె తోక, గడ్డివామి, గోడ. నాన్న పక్కన నిలబడి లెక్కపెట్టాడు. మధ్యలో అమ్మ కుడితి బకెట్టుతో వచ్చింది. నేను కెమెరా అటు తిప్పగానే "ఈ మాసిన చీరలోనా, ఆగవే" అని వెనక్కి తిరిగింది. అప్పటికే నొక్కేశాను. "అదీ లెక్కలోకే వస్తది" అన్నాడు నాన్న. కెమెరాని తీసుకెళ్ళి, విత్తనాలు పెట్టే అటక మీదే పెట్టాడు.

రెండో రోజు మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. బెడ్ ఖాళీ అయింది, సాయంత్రానికి రాకపోతే ఇంకొకరికి ఇస్తామన్నారు. ఆటో వచ్చి వాకిట్లో నిలబడింది. నేను అటక వైపు వెళ్ళబోతే అమ్మ వద్దంది. "చీర కట్టుకునే టైమెక్కడిది. వచ్చాక తీద్దువులే." నాన్న సంచి ఆటోలో పెడుతూ "రేపటికి తేలేది" అన్నాడు, ఎవరితోనూ కాదు.

వచ్చాక జుట్టు లేదు. తలకి తువ్వాలు చుట్టుకుని, ఫోటో మాటెత్తితే లోపలికి వెళ్ళిపోయేది. కెమెరా అటక మీదే ఉండిపోయింది. తిరపతి మాట మాత్రం నిలబెట్టుకుంది. లడ్డూ ఏదని అడిగినవాళ్ళతో దారిలో తినేశానని చెప్పింది. మిరప కోతల నాటికి అమ్మే లేదు. పెద్దకర్మ నాడు పెట్టడానికి మా దగ్గరున్నది ఓటరు కార్డు మీది ముఖమే. దాన్ని పెద్దది చేయిస్తే ఎవరో కోపంగా ఉన్న పరాయి మనిషి వచ్చింది.

ఆ సాయంత్రం నాన్న అటక మీద నుంచి కెమెరా దించి నా ముందు పెట్టాడు. "చూడమ్మాయ్" అన్నాడు. ఒక్కొక్కటే చూశాం. పదీ ఉన్నాయి. గేదె ఏడు, గడ్డివామి ఒకటి, గోడ ఒకటి. మిగిలినదాంట్లో మాసిన చీర, బకెట్టు, నడుము దాటిన జడ. ముఖం లేదు. అమ్మ అడిగింది జడతో ఫోటో. జడ వచ్చింది.

"నూటికి నూరూ మొలిచింది" అని నాన్న కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఆయనా లేడు. కార్డులు కొనే పనీ లేదు, అన్నీ ఫోనులోనే. అయినా కొత్త ఫోను కొన్నప్పుడల్లా ముందు వంటింటి గోడని పది ఫోటోలు తీసి, రెండు రోజులు పక్కన పెడతాను. ఈ వయసులో ఇదేం చాదస్తమని ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. మూడో రోజు తెరిచి చూస్తే పదీ ఉంటాయి. ఇంతవరకు ఒక్కటి కూడా పోలేదు.