మేకుకు రెండో కొక్కెం

మరిపెడ దగ్గరి మిర్చి కోల్డ్ స్టోరేజీలో బీక్యా పేరెత్తితే ఎవరికైనా ముందు అతని చెయ్యే గుర్తొస్తుంది. నలభై కిలోల బస్తాను కొక్కెంతో గుచ్చి ఒక్క ఊపులో వీపుకెత్తుకునే చెయ్యి. తప్పు చేసినవాడి చెంప పగలగొట్టాలన్నా ఆలస్యం చేసేది కాదది. ముప్పై ఏళ్లు హమాలీ, పదిహేనేళ్లు సంఘానికి పెద్ద. కోపం ముక్కు మీదుండే మనిషే గానీ, చచ్చినా అబద్ధమాడడు. అదే అతని కొంప ముంచింది, ఏం చేస్తాం.

పన్నెండేళ్ల కిందట బీక్యా సొంత అన్న లచ్చు, తాగిన మత్తులో తోటి హమాలీ ధర్మా కన్ను కొక్కెంతో పెరికేశాడు. ఆ రోజే బీక్యా ఒక కట్టుబాటు పెట్టాడు. పనిలో చేరేవాడెవడైనా బస్తాలు తూచే కాంటా మీద చెయ్యేసి ఒట్టు పెట్టాలి, కొక్కెం బస్తాకే గానీ మనిషికి కాదని. తప్పినవాడి కొక్కెం కాంటా వెనక గోడ మేకుకు ఎక్కుతుంది. ఎక్కిందా, మళ్లీ దిగదు. వాడికిక అక్కడ పని లేదు.

"తమ్మీ, ఒక్కసారి ఇడువు" అని లచ్చు కాళ్ల మీద పడ్డాడు. బీక్యా వదల్లేదు. మేకుకెక్కిన మొదటి కొక్కెం ఆ అన్నదే. లచ్చు హైదరాబాద్‌కు మట్టిపనికి పోయి, రెండేళ్లకు శవమై తండాకొచ్చాడు. తుప్పు పట్టిన ఆ కొక్కెం ఇన్నేళ్లూ ఆ మేకుకే ఉంది.

మొన్న మార్చిలో బస్తా కూలి పెంచమంటే యజమాని వెంకట్రాం ససేమిరా అన్నాడు. హమాలీలు కాంటా బంద్ పెట్టి గేటుకు అడ్డంగా కూర్చున్నారు. నాలుగో రోజు పొద్దున డీసీఎం వ్యానులో బీహారు కూలీలు దిగారు. వాళ్ల ముందు కర్రలతో వెంకట్రాం మనుషులు.

"లెవ్వుండ్రి. మీరు లేకుంటే పని ఆగుతదా?" అన్నాడు వెంకట్రాం.

"ఆగుతదో లేదో లోపల అడుగుపెట్టి చూడు సేటు" అన్నాడు బీక్యా.

మొదటి దెబ్బ యాకమ్మ నెత్తిన పడింది. రాలిన మిరపకాయ ఊడ్చుకునే ముసలామె, ఎవరికేం చేసిందని? నెత్తురు కళ్లలోకి కారి, గేటు పట్టుకొని అట్లాగే జారిపోయింది. ఇక ఆగుతారా? ధర్మా ఒకణ్ని ఇనుప గేటుకేసి బాదితే పళ్లు రాలాయి. ఎవరిదో మోచెయ్యి కర్ర దెబ్బకు విరిగి వెనక్కి తిరిగింది. బస్తాలు చినిగి ఘాటు లేచింది. దగ్గుతూ, కళ్లు మండి ఏడుస్తూ కొట్టుకున్నారు. పక్కనుంచి ఒక చెయ్యి లేవడం చూసి బీక్యా చేతిలోని కొక్కెంతో కొట్టాడు. అది మెడ కింద దిగింది. లాగితే భుజం దాకా చీరింది.

పడినవాడి చేతిలో కర్ర లేదు. ఘాటుకు మొహానికి అడ్డం పెట్టుకున్న ఖాళీ సంచి ఉంది. లలన్ అనే కూలీ అతను. తెరుచుకున్న అరచెయ్యంతా బస్తాలు మోసి కాయలు కాసి ఉంది, బీక్యా చెయ్యిలాగే.

మానుకోట దవాఖానలో లలన్ బతికాడు గానీ కుడిచెయ్యి లేవదన్నారు. వారం తర్వాత మానుకోటలోనే లేబర్ ఆఫీసులో, ఆఫీసరు ముందు చర్చలు పెట్టారు. లోపలికి వెళ్లకముందే వెంకట్రాం వరండాలో హమాలీలను ఆపాడు.

"పోలీసులకు లలన్ ఇంక ఎవరి పేరూ చెప్పలే. నేను చెప్పమంటే చెప్తడు. కూలి ముచ్చట ఇడిసిపెట్టుండ్రి, బీక్యా జైలుకు పోకుండ నేను చూస్కుంట."

ధర్మా బీక్యా చెవిలో అన్నాడు. "వాడే జారి కొక్కెం మీద పడ్డడని చెప్దామన్నా. అందరం ఒక్క మాట మీదుంటం."

బీక్యా నేరుగా వెళ్లి ఆఫీసరు బల్ల ముందు నిలబడ్డాడు.

"సారూ, లలన్‌ను కోసింది నేనే. చేతిల కర్ర లేనోన్ని కోసిన. రేపు ఠాణాకు నేనే పోత. ఇగ కూలి సంగతి మాట్లాడుండ్రి."

వెంకట్రాం మొహంలో నెత్తురు చుక్క లేదు. బెదిరించడానికి చేతిలో ఇంకేం మిగిలిందని? పైగా యాకమ్మ తల మీది పదకొండు కుట్లు బల్లకు ఎదురుగానే కూర్చున్నాయి. పొద్దుగూకే లోపు పెంచిన కూలికి సంతకం చేశాడు.

మర్నాడు కాంటా దగ్గర అందరూ సంబరంగా ఉన్నారు. మేకుకు తగిలించమని బీక్యా తన కొక్కెం ధర్మాకు ఇవ్వబోయాడు. ధర్మా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"గా ఒట్టు మనోళ్ల నడుమ పెట్టుకున్నదన్నా. వాడు మన పని చెడగొట్టనొచ్చినోడు."

"వాని చెయ్యి చూసినవా? గది హమాలీ చెయ్యి."

"నువ్వు లేకుంటే గీ కూలి యాడిది? ఒక్కసారికి ఇడుద్దాం."

తనదాకా వస్తే గానీ నొప్పి తెలియదంటారు. బీక్యా చాపిన కొక్కేన్ని వెనక్కి తీసుకున్నాడు.

"మా అన్న గూడ గదే అన్నడు ధర్మా. నేనిడువలే."

తనే గోడ దగ్గరికి నడిచాడు. మేకు చిన్నది, చోటు లేదు. లచ్చు కొక్కేన్ని కొద్దిగా జరిపి పక్కన తనది తగిలించాడు. పన్నెండేళ్లలో అన్న కొక్కేన్ని ముట్టుకోవడం అదే మొదలు. అరచేతికి అంటిన తుప్పు చూసుకొని, నలుగురి ముందే ఏడ్చాడు. తర్వాత ఠాణాకు బయలుదేరాడు.