నాచారం టవర్‌లో ఆరేసిన చీరలు

ఒక మహాసంస్థ పతనగాథ చెబుతానని మొదలుపెట్టాలని ఉంది. నిజానికిది ఉప్పల్‌లో బస్సెక్కి నాచారం చేరేలోపు అయిపోయిన సంగతి.

పక్క సీటాయన సంచిలోంచి నీళ్లు కారి నా చెప్పులు తడిశాయి.

"అన్నా, మీ సంచి ఏడుస్తోంది," అన్నాను.

"తడి చీరలు తమ్మీ. గా కొత్త టవర్ బాల్కనీలల్ల ఆరేస్త."

"అక్కడెవరుంటారు?"

"ఎవ్వరుండరు. ఇన్సూరెన్సు కంపెనీ జనం పైసలన్నీ దాంట్లనే పెట్టింది. ఒక్క ఫ్లాటు అమ్ముడువోలె. తనిఖీ సార్లొస్తే మనుషులున్నట్టు గనవడాలె గద. లేకుంటె కంపెనీ మునుగుతది."

కంపెనీ పేరు చెప్పాడు. నాన్న జీతంలో సగం పోసిన పాలసీ దానిదే.

ఆయన గొంతు తగ్గించాడు. "నిన్న అన్నీ తీసినంక గూడ ఏడో అంతస్తుల ఒక చీర ఆరుతున్నది. నాది గాదది. తాళాలన్నీ నా దగ్గర్నే ఉన్నయి."

"ఎవరో దిగారన్నమాట. కంపెనీకి శుభవార్తే."

ఆయన టవర్ ముందు దిగి, తలెత్తి చూసి, గేటు దగ్గరే ఆగిపోయాడు. కిటికీలోంచి నేనూ చూశాను. ప్రతి బాల్కనీలోనూ చీరలు ఆరుతున్నాయి. ఆయన సంచి ఇంకా విప్పనేలేదు.

మర్నాడు పాలసీ రద్దు చేయిద్దామని నాన్నను కంపెనీ ఆఫీసుకి తీసుకెళ్లాను. భోజనాల టైమట, రెండున్నరకి రమ్మన్నారు.