లోపలి అమ్మమ్మ

మా అక్క బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సులు పిలిచేది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లాడు తప్పిపోయి తన దగ్గర కూర్చున్నాడో, అన్నీ ఆ గొంతే చెప్పేది. ఇంట్లో మాత్రం మా బావదే నోరు. పగలంతా అరిచి వచ్చినదానికి ఇంట్లో ఇంకేం మిగులుతుందని నవ్వేది.

అక్క గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ తర్వాత మాట మునుపటిలా రాకపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. అప్పటికి అక్క కూతురు, మా మేనకోడలు, నిండు నెలలతో ఉంది. అక్క ఏడుస్తూ కూర్చోలేదు. ఇంట్లో కంప్యూటర్‌కు మైకు తగిలించి, పుట్టబోయే బిడ్డ కోసం కథలు చెప్పి దాచింది. డాక్టరు అన్నంత పనీ అయింది. మాట పోయి గుసగుస మిగిలింది.

మనవరాలు ఆ కథలతోనే పెరిగింది. వాళ్లమ్మ ఉద్యోగానికి పోతూ దాన్ని అక్క దగ్గర దింపి వెళుతుంది. మధ్యాహ్నం కథ పెడితే తప్ప కన్ను మూయదు. కంప్యూటర్‌లో ఉన్నావిడ లోపలి అమ్మమ్మ, పక్కన పడుకుని జోకొట్టేది బయటి అమ్మమ్మ. ఇద్దరూ ఒకరేనని ఎంత చెప్పినా అది నమ్మలేదు. అక్కకు నవ్వూ వచ్చేది, ఉక్రోషమూ వచ్చేది. "దానికి నాకంటే ఆవిడే ఇష్టంరా" అనేది నాతో.

ఈ మధ్య ఆ కంప్యూటర్ టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టింది. మా బావకు ఏ యంత్రానికైనా ఒకటే వైద్యం తెలుసు, అరచేత్తో వీపు మీద ఒక్కటివ్వడం. కథల్ని ఫోన్లోకి ఎక్కించుకుందామని కూతురు ఎన్నిసార్లు అన్నా, అవెక్కడికి పోతాయని కొట్టిపారేసేవాడు. చివరికి పిల్ల రాని ఆదివారం చూసి రిపేరాయన్ని పిలిచాం. ఆయన డబ్బా మూత విప్పి, చెవి పెట్టి విని, హార్డ్ డిస్క్ పోతోందన్నాడు. పక్కనే కొత్తది తగిలించి, పాతదాంట్లో ఉన్నవి అందులోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. అయ్యేదాకా ఏదీ తెరవొద్దని, తెరిస్తే ఉన్న కాస్త ఊపిరీ ఆగుతుందని చెప్పి ఇంకో ఇంటికి వెళ్లాడు.

ముందు మేనకోడలి పెళ్లి ఫొటోలు ఎక్కాయి. మా బావ తరఫు చుట్టాలు నోళ్లు తెరుచుకుని తింటున్నవి కూడా ఒక్కటి వదలకుండా ఎక్కాయి. కథలు అన్నిటికన్నా చివర ఉన్నాయి. టిక్కుటిక్కు ఎక్కువైంది. గుడ్లప్పగించి చూడటం తప్ప మేం చేయగలిగిందేమీ లేదు. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో తెలియదు.

"కథలదాకా రాదురా ఇది. ఒక్కసారి విననీ" అంది అక్క. నేను వద్దనేలోపే ఒక కథ మీద నొక్కింది.

"అనగనగా ఒక..." అంది పాత గొంతు, నిండుగా, బస్టాండంతా వినబడేలా. అక్క కళ్లు మూసుకుంది. మాట అక్కడే ఆగింది. టిక్కుమని ఒక్క చప్పుడు, తర్వాత అదీ లేదు.

రిపేరాయన వచ్చి చాలాసేపు కుస్తీ పట్టాడు. డిస్కులు విప్పి చూసేవాళ్లకు పంపితే వాళ్లూ పెదవి విరిచారు. పెళ్లి ఫొటోలన్నీ క్షేమం. కథ ఒక్కటీ దక్కలేదు. నొక్కింది అక్కే, ఇంకెవర్ని అంటుంది. బావ డబ్బా మీద చెయ్యేసి, కొట్టకుండా ఊరికే నిలబడ్డాడు.

పిల్ల వచ్చింది. మధ్యాహ్నం కాగానే లోపలి అమ్మమ్మ ఏదని అడిగింది. అక్క దాని చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఊరెళ్లిందమ్మా. బస్సెక్కి."

"ఏ బస్సు?" అంది పిల్ల. "మళ్లీ ఎప్పుడొస్తుంది?"

అన్నేళ్లూ అందరికీ అదే చెప్పిన మనిషి, పెదాలు కదిపి ఊరుకుంది.